మధ్యలో ఉండాల్సిన ఊరు

బదరీనాథ్ వెళ్లొచ్చిన తెలుగువాళ్ల ఫోన్లలో ఒక ఫొటో దాదాపు ఖాయంగా ఉంటుంది. గుడికి మూడు కిలోమీటర్ల అవతల మాణా అనే ఊరు, ఊరి మొదట్లో ఒక బోర్డు, స్వెట్టర్ మీద శాలువా, శాలువా మీద మఫ్లర్ చుట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డ దంపతులు. పదేళ్ల కిందట వెళ్లినవాళ్ల ఫొటోలో ‘చివరి గ్రామం’ అని ఉంటుంది. 2023 ఏప్రిల్ తర్వాత వెళ్లినవాళ్ల ఫొటోలో ‘మొదటి గ్రామం’ అని ఉంటుంది. 2022 అక్టోబరులో ప్రధాని ఆ ఊళ్లోనే సభ పెట్టి, సరిహద్దులోని ప్రతి ఊరూ ఇక దేశానికి మొదటి ఊరేనన్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి సరిహద్దు రహదారుల సంస్థ కొత్త బోర్డు పాతింది.

చివరన ఉన్నావని ఒకరిని అంటే చిన్నబుచ్చుకుంటారు, మొదట ఉన్నావంటే సంతోషిస్తారు. కనుక మార్చడంలో తప్పేమీ లేదు. నా పేచీ వేరే. చివరిదన్నా మొదటిదన్నా కొలిచే తాడు మాత్రం ఢిల్లీలోనే కట్టి ఉంది. తాడుకు ఏ కొసన ముడి వేసి లెక్కపెట్టాలన్నదే మారింది. ఆ ఊళ్లు తమను తాము ఒక కొసగా ఎన్నడైనా అనుకున్నాయా? మాణాకు తూర్పున, నందాదేవి శిఖరానికి అవతలి పక్కన, మిలం అనే ఊరికి ఒక మే నెలలో వెళ్లినప్పుడు ఈ ప్రశ్న మొదటిసారి నన్ను పట్టుకుంది. అది కొన్నేళ్ల కిందటి మాట. అప్పటికి ఊరి దాకా రోడ్డు లేదు.

మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. అక్కడా ఆ రోజుల్లోనే రాళ్లు పగులుతాయి గానీ, ఎండకు కాదు. రాత్రి పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పొద్దున కరుగుతుంది. అలా ఉబ్బి, కరిగి, చివరికి ఒకనాడు రాతిని చీలుస్తుంది. గోరీ గంగ ఒడ్డున నడుస్తుంటే పైనెక్కడో టపటపమని రాళ్లు జారే చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉంటుంది. కిందనున్న మున్సియారి నుంచి మిలంకు దాదాపు అరవై కిలోమీటర్లు. లీలం, బుగ్డియార్, రిల్కోట్, మార్తోలీ, బుర్ఫూ, బిల్జూ, ఆ తర్వాత మిలం. మున్సియారి వాలుల్లో బురాన్స్ చెట్లు ఎర్రగా పూసి, ఆ పూలు అప్పటికే రాలిపోయాయి. పైకి వెళ్లేకొద్దీ వసంతం వెనక్కి నడిచింది. మార్తోలీ దాటాక మంచు ఇంకా నేల నీడల్లో నక్కి ఉంది, దాని అంచున వేలెడు ఎత్తు ఊదారంగు పూలు. చైత్రం నుంచి మాఘంలోకి నాలుగు రోజుల్లో నడిచి వెళ్లినట్టనిపించింది.

దారిలోని ఊళ్ల పేర్లకు ఒక సొగసుంది. మార్తోలీ వాళ్లు మార్తోలియాలు, బిల్జూ వాళ్లు బ్రిజ్‌వాల్‌లు, టోలా వాళ్లు టోలియాలు, గంఘర్ వాళ్లు గంఘరియాలు. ఊరి పేరే ఇంటిపేరు. మనకిది కొత్త కాదు. ఊరొదిలి నాలుగు తరాలైనా ఇంటిపేరులో ఊరిని మోసుకు తిరిగేవాళ్లమే మనమూ. ఈ రోజు ఆ ఇంటిపేర్లు హల్ద్వానీలో డాక్టర్ల బోర్డుల మీద, డెహ్రాడూన్‌లో ఆఫీసర్ల గుమ్మాల మీద కనిపిస్తాయి. పేర్లు పుట్టిన ఊళ్లలో మాత్రం కప్పులు కూలిన రాతి గోడలు.

మిలం ఎత్తు పదకొండు వేల అడుగుల పైమాటే. ఊరికి వాయవ్యంగా కొన్ని కిలోమీటర్లు నడిస్తే హిమానీనదం ముక్కు. పదహారు కిలోమీటర్ల పొడవైన ఆ మంచునది మట్టికొట్టుకున్న బూడిదరంగు గుట్టలా ఉంటుంది. తెల్లగా మెరుస్తుందనుకుని వెళ్లినవాడు నిరాశపడతాడు. దాని కింద గుహలాంటి నోటిలోంచి గోరీ గంగ పుడుతుంది. ఊళ్లో ఒకప్పుడు అయిదు వందల ఇళ్లుండేవంటారు. నడిచి చూస్తే నమ్మబుద్ధవుతుంది. సందు తర్వాత సందు, చెక్కుడు పని చేసిన ద్వారబంధాలు, వాటి మధ్య ఇంట్లోనే మొలిచిన గడ్డి. మనుషులున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను దిగిన ఇంట్లో ఒక పెద్దావిడ. ఈ కుమావూ ప్రాంతంలో అవ్వను ‘ఆమా’ అంటారు, నేనూ అలాగే పిలిచాను. మే మొదటి వారంలోనే కొడుకుతో పైకి వచ్చిందట. గోడకు చేరేసిన పలుగుతో వాకిట్లో మంచు పెళ్లలు తవ్వి పోస్తోంది. రాత్రి పప్పులోకి నెయ్యి కాచి, ఎండిన ఆకుపోగుల్లాంటివి చిటికెడు వేసింది. చుయ్యిమంది. ఉల్లి, వెల్లుల్లి కలిసిన వాసన. దాన్ని జంబు అంటారు, ఈ ఎత్తుల్లో పెరిగే ఉల్లిజాతి మొక్క. తిరగమోతలో ఆవాలకు అక్కడ చోటు లేదు. మర్నాడు ఉప్పు టీ, వాళ్ల మాటలో జ్యా. తాగలేకపోతున్నానని కనిపెట్టి నవ్వింది. “ఉప్పు కోసమే కదయ్యా ఈ ఊరు పుట్టింది” అంది.

అక్షరాలా నిజం. మిలం పొలాల మీద బతికిన ఊరు కాదు. ఏడాదికి ఒక పంట, అదీ కొద్దిపాటి బార్లీ, కూటు గోధుమ. అయిదు వందల ఇళ్లను అది ఎలా పోషిస్తుంది? పోషించింది దారి. మిలం ఉన్న జోహార్ లోయలోని శౌకా వర్తకులు మైదానాల ధాన్యం, బెల్లం, బట్ట పైకి తీసుకెళ్లి టిబెట్ ఉప్పు, ఉన్ని, వెలిగారం దింపేవాళ్లు. బరువు మోసేవి గొర్రెలు, మేకలు. వీపుకు ఇరువైపులా చిన్న సంచులు, ఒక్కో జంతువు మీద పది కిలోల దాకా. ఉంటాధూరా, జయంతి, కుంగ్రీ బింగ్రీ అని వరసగా మూడు కనుమలు. మూడూ పదిహేడు వేల అడుగులకు పైనే. మధ్యలో మేతా లేదు, మకామూ లేదు. కాబట్టి ఒకే రోజులో మూడూ దాటాలి. అవతల గ్యానిమా సంత. అక్కడ ప్రతి కుటుంబానికీ తరతరాలుగా ఒక టిబెటన్ మిత్రుడుండేవాడు. రేటులో తేడా వచ్చిందని ఇంకొకరితో బేరమాడటం మర్యాద కాదు. శీతాకాలానికి ఊరంతా గొర్రెలతో సహా మున్సియారికి, కొందరు ఇంకా కిందికి. ఒక కుటుంబానికి రెండేసి, మూడేసి ఇళ్లు.

అంటే మిలం చివరిది కాదు, మొదటిదీ కాదు. గంగా మైదానానికీ టిబెట్ పీఠభూమికీ నడిమధ్య ఊరు. మధ్యలో ఉండటమే దాని వృత్తి.

ఆ నడిమితనం విలువ తెలిసి వాడుకున్నది బ్రిటిష్ సర్వే వాళ్లు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసు పరిచి మొదలుపెట్టిన కొలత మన మీదుగానే ఉత్తరానికి పాకింది. లాంబ్టన్ కొన్నేళ్లు హైదరాబాదునే కేంద్రంగా చేసుకున్నాడు. అతని సహాయకుడిగా వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య ఎల్లాపురం అడవుల్లో చలిజ్వరం తగిలి మంచమెక్కాడు. శిఖరానికి పేరైన మనిషిని మొదట పడగొట్టింది మన దోమలే. అయితే అలా పాకిన సర్వే హిమాలయం దగ్గరకొచ్చి ఆగిపోయింది. టిబెట్ తెల్లవాళ్లను రానివ్వదు. రానిచ్చేది ఎవరిని? భాష వచ్చినవాళ్లను, రాకపోకలు ఉన్నవాళ్లను. మిలం వాళ్లను.

నైన్ సింగ్ రావత్ మిలం వాడు. ఊళ్లో బడిపంతులు, అందుకే సర్వే రికార్డుల్లో అతని గుప్తనామం ‘పండిట్’. డెహ్రాడూన్‌లో అతనికి నేర్పిన మొదటి విద్య అంగలు సమంగా వేయడం. ఎత్తెక్కినా దిగినా రెండు వేల అంగలకు ఒక మైలు రావాలి. జపమాలలో నూట ఎనిమిది పూసలకు బదులు వంద ఉంచారు. వంద అంగలకు ఒక పూస జరుగుతుంది, మాల ఒకసారి తిరిగితే పదివేల అంగలు, అయిదు మైళ్లు. ప్రార్థనా చక్రంలో మంత్రాల కాగితాల స్థానంలో కొలతల కాగితాలు. గవ్వల్లో పాదరసం దాచి, రాత్రిపూట భిక్షాపాత్రలో పోసి, ఆ అద్దంలో నక్షత్రాల ఎత్తు చూసేవాడు. 1865లో బయల్దేరి 1866 జనవరికి లాసా చేరాడు. ఆ నగరం అక్షాంశమేమిటో, ఎత్తెంతో బయటి ప్రపంచానికి మొదట లెక్కగట్టి చెప్పింది అతనే. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. అతని బంధువులు మానీ సింగ్, కిషన్ సింగ్ కూడా ఈ పనిలోవాళ్లే. మ్యాపులో టిబెట్ గీతలు గీసింది ఈ ఊరి కాళ్లు. తర్వాతి కాలంలో ఆ మ్యాపు మీదే గీసిన గీత ఈ ఊరిని ఖాళీ చేసింది.

ఖాళీ అయిన క్రమాన్ని ప్రభుత్వ పత్రాల్లో వలస అంటారు. రోడ్డు లేదు, కరెంటు లేదు, బడి లేదు, అందుకని జనం దిగిపోయారు అన్నది దాని సారాంశం. ఇది సగం నిజం కూడా కాదు. రోడ్డు, కరెంటు ఎన్నడూ లేని రోజుల్లోనే కదా ఊళ్లో అయిదు వందల ఇళ్లున్నది. 1954 ఏప్రిల్‌లో భారత్, చైనా కుదుర్చుకున్న ఒప్పందం వర్తకులకూ యాత్రికులకూ ఆరు కనుమలను పేరుపెట్టి తెరిచి ఉంచింది. షిప్కీ లా, మాణా, నీతీ, కుంగ్రీ బింగ్రీ, దర్మా, లిపులేఖ్. ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు. 1962 జూన్‌లో అది ముగిసింది, పొడిగించలేదు. అక్టోబరులో యుద్ధం వచ్చింది. ఆరు తలుపులూ మూసుకున్నాయి. మిలంకు దక్కింది రెండు నెలల ఎండ, ఒక పంట, పక్కనే మంచు. దారి పోయాక దారిలోని సత్రానికి పనేముంటుంది?

దిగిపోయినవాళ్లు అడుక్కోలేదు, అది చెప్పాలి. 1967లో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. తరాల వర్తకం నేర్పిన లెక్క, చదువు అలవాటు ఉండనే ఉన్నాయి. రెండు తరాల్లో ఆఫీసులు, బ్యాంకులు, సైన్యం. ఉత్తరాఖండ్‌లో ఉన్నతోద్యోగుల జాబితా తిరగేస్తే ఈ లోయ ఇంటిపేర్లు జనాభాకు మించి తగులుతాయి. వీళ్లందరినీ తిరిగి మిలం రమ్మని పిలిచే పథకం ఏదైనా ఉంటే అది పగటికల. డెహ్రాడూన్‌లో ఇల్లు కట్టుకున్నవాడు ఎండాకాలంలో వారం రోజులు కులదేవత పూజకు వస్తాడు, గోడకు రెండు రాళ్లు ఎత్తించి వెళ్తాడు. అంతవరకే.

అయినా ప్రభుత్వం జనాన్ని అక్కడ కోరుకుంటోంది. కారణం అవతలి గట్టున ఉంది. టిబెట్ సరిహద్దు పొడవునా చైనా ఆరు వందలకు పైగా ఆదర్శ గ్రామాలు కట్టింది. వరసగా ఒకే మూసలో ఇళ్లు, రోడ్లు, జెండాలు. అటు కొత్త ఊళ్లు లేస్తుంటే ఇటు పాత ఊళ్లు కూలుతుంటే సైన్యానికి ఆందోళన సహజమే. 2023 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ‘వైబ్రెంట్ విలేజెస్’ కార్యక్రమానికి ఆమోదం తెలిపింది. అరుణాచల్, సిక్కిం, ఉత్తరాఖండ్, హిమాచల్, లద్దాఖ్‌లలో 19 జిల్లాలు, 46 బ్లాకులు, 2,967 గ్రామాలు. తొలి విడతలో 662. మొత్తం 4,800 కోట్ల రూపాయలు, అందులో 2,500 కోట్లు రోడ్లకే. 2025 ఏప్రిల్‌లో మిగతా భూ సరిహద్దులకు రెండో విడతగా ఇంకో 6,839 కోట్లు.

సగానికి పైగా రోడ్లకు పోవడం దగ్గరే ఈ కార్యక్రమం మనసు బయటపడుతుంది. రోడ్డు వద్దనడానికి నేనెవరిని? పురిటి నొప్పులతో ఉన్న మనిషిని అరవై కిలోమీటర్లు భుజాల మీద మోసిన లోయ అది. ఆ రోడ్డు వేయడం ఆషామాషీ కూడా కాదు. రాయి నిట్టనిలువునా ఉన్నచోటికి యంత్రాలను హెలికాప్టర్లలో దింపాల్సి వచ్చింది. 2020 జూన్‌లో మున్సియారి దగ్గర వాగు మీది ఇనుప వంతెన, మట్టి తవ్వే యంత్రాన్ని మోస్తున్న లారీ బరువుకు కుప్పకూలింది. గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగి వారమైంది అప్పటికి. మళ్లీ వారం తిరక్కుండానే కొత్త వంతెన లేచింది. అవసరం ఎవరిదైతే పని అంత చురుకు. అయితే రోడ్డు రెండు వైపులా నడుస్తుంది. పైన బతుకుతెరువు ఉంటే మనుషులను పైకి తెస్తుంది, లేకపోతే మిగిలిన నలుగురినీ సామానుతో సహా కిందికి దింపుతుంది. రెండోదానికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. బస్సు వచ్చిన ఏడాదే బడి మూతపడ్డ ఊళ్లు ఉత్తరాఖండ్‌లోనే కాదు, మన ఏజెన్సీలోనూ దొరుకుతాయి.

పర్యాటకం ఉంది కదా అంటారు. మాణాలో టీ కొట్లు, ఉన్ని టోపీల దుకాణాలు నడుస్తున్నాయంటే పక్కనే బదరీనాథుడున్నాడు. మిలం పక్కన ఉన్నది మట్టికొట్టుకున్న మంచుగుట్ట. ఏ మొక్కూ తీరదు.

మరి మే నెలలో ఈ లోయకు మనుషులు ఎందుకొస్తున్నారు? నాలుగు రోజుల నడకలో నాకెదురైన గుంపుల్లో ఎక్కువమంది పొలానికీ పూజకూ వచ్చినవాళ్లు కాదు. గుడారాలు, బియ్యం, ప్రెషర్ కుక్కర్లు మోసుకుని పైనున్న పచ్చిక మైదానాలకు పోతున్నారు. కీడా జడీ కోసం. నేలలో ఉండే ఒక రకం చిమ్మట పురుగును శిలీంద్రం పట్టి చంపి, దాని తలలోంచి అగ్గిపుల్లంత గోధుమరంగు మొలకగా పైకి వస్తుంది. మంచు కరిగిన నెలరోజులే దాని రుతువు. పిల్లలూ పెద్దలూ నేలకు బోర్లా పడుకుని, చెంప గడ్డికి ఆనించి వెతుకుతారు. నేనూ అరగంట పడుకున్నాను, నాకు కనిపించింది గడ్డి. నా పక్కన పదేళ్ల పిల్లవాడు మూడు తీశాడు. చైనా మందుల బజారులో దాని ధర కిలో లక్షల్లో పలుకుతుంది. చిత్రం ఏమిటంటే ఈ సరుకు చివరికి చేరేది పాత చోటికే. దారే మారింది. కనుమలు మూసి ఉన్నాయి కాబట్టి చేతులు మారుతూ, చాటుమాటుగా, ఏ రసీదూ లేకుండా పోతుంది. లాభం ఎవరిదో ఊహించొచ్చు. ఏరేవాళ్లు ఎక్కువై, మంచు తక్కువై, మొలక తగ్గుతోంది. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు ముంగిట ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. సరిహద్దు ఊళ్ల ఆర్థికం గురించి మాట్లాడే ఏ పథకమైనా ముందు దీన్ని బల్ల మీద పెట్టాలి. ఎంత తీయాలి, ఏ మైదానం ఏ ఏడాది విడిచిపెట్టాలి, ఎవరికి అమ్మాలి అన్నవి ఉత్తరాఖండ్‌లో దశాబ్దాలుగా ఉన్న వన పంచాయతీల చేతికిచ్చి, కొనుగోలు బహిరంగంగా జరిపిస్తే నాలుగు బోర్డుల కంటే మేలు.

ఉన్ని కథా అంతే. ఇక్కడి దన్ తివాచీలకు, థుల్మా కంబళ్లకు 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మున్సియారి రాజ్మాతో పాటు. మంచిదే. అయితే ఆ తివాచీలకు పేరు తెచ్చిన టిబెట్ ఉన్ని రావడం ఆగి అరవై ఏళ్లయింది. ఆమా ఇంట్లో మగ్గం మీద సగం నేసిన తివాచీ ఉంది. దాని నూలు మైదానాల మిల్లుది. సర్టిఫికెట్టు భూగోళానికి, నూలు మాత్రం బజారు నుంచి.

జనాభా లెక్క దగ్గరా ఇదే ఇబ్బంది. మంచు కప్పే ప్రాంతాలకు దేశం కంటే ముందే లెక్క తీస్తారు. 2011 గణనకు 2010 అక్టోబరు 1, రాబోయేదానికి 2026 అక్టోబరు 1 ప్రామాణిక తేదీ. దేశమంతా లెక్క తీసే ఫిబ్రవరి కంటే నయమే. కానీ అక్టోబరంటే మిలంలో మూటలు కట్టే వేళ. జూన్, జులైల్లో ఉండే మనుషులు, గొర్రెలు, వంటపొగ ఆ లెక్కలో సగమైనా పడవు. ఆస్పత్రి, రేషను, టవరు ఆ లెక్క మీదే వస్తాయి. ఆర్నెల్లు నిండి ఆర్నెల్లు ఖాళీగా ఉండటం ఆ ఊరికి రోగం కాదు, పుట్టుకతో వచ్చిన నడక. ఇలాంటి కొన్ని లోయల్లో ఒకప్పుడు బడి కూడా పంతులుతో పాటే పైకీ కిందికీ నడిచేది. నర్సూ రేషనూ అలా నడవడానికి కావలసింది కోట్లు కాదు, ఊరంటే ఏడాది పొడవునా ఒక్కచోటే ఉండాలన్న మన అలవాటును వదులుకోవడం.

అన్నింటికంటే పెద్ద తలుపు ఢిల్లీ, బీజింగ్‌ల చేతుల్లో ఉంది. లిపులేఖ్ 1992లో, ఆ తర్వాత షిప్కీ లా, 2006లో నాథూ లా వర్తకానికి తెరుచుకున్నాయి. 2020లో మళ్లీ మూతపడ్డాయి. 2025 ఆగస్టులో ఈ మూడింటినీ తిరిగి తెరవాలని రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 1954 ఒప్పందంలోని ఆరు పేర్లలో ఇప్పుడు జాబితాలో ఉన్నవి రెండే. మాణా లేదు, ‘మొదటి గ్రామం’ బోర్డు ఉన్నా లేదు. మిలం వాళ్ల కుంగ్రీ బింగ్రీ లేదు. రేపు ఆ కనుమ తెరిచినా ట్రక్కులు నడవవు, గొర్రెల మీద ఉప్పు ఎవరూ తేరు, సముద్రపు ఉప్పు కిరాణా కొట్టులో చవగ్గా దొరుకుతోంది. ఆ సంగతి నాకూ తెలుసు, అక్కడివాళ్లకు ఇంకా బాగా తెలుసు. అయినా ఏడాదికి ఒక్క నెల, పాత వర్తక కుటుంబాలకు, ఉన్నికీ కీడా జడీకీ, కాగితం మీద రసీదుతో ఒక సంత అడగడం అత్యాశ కాదు. గోరీ, కాళీ నదులు కలిసే జౌల్‌జీబీలో ప్రతి నవంబరు తిరునాళ్లలాంటి సంత ఇప్పటికీ జరుగుతోంది. సరిహద్దులు మూసుకున్నాక కూడా సంత అలవాటు చావలేదు.

ఇక మంచునది. అది ఏ ప్రభుత్వ మాటా వినదు. వందేళ్లకు పైబడిన సర్వేలన్నీ దాని వెనకడుగునే నమోదు చేశాయి, ఇప్పటికి కిలోమీటరు దాటింది. తన అత్తగారి కాలంలో మంచు ఎక్కడి దాకా ఉండేదో ఆమా ఒక బండను చూపించింది. ఆ బండ నుంచి ఇప్పటి ముక్కు దాకా నడిస్తే ఊపిరి అందలేదు. మధ్యలోని రాళ్లగుట్టల్లో భూర్జ వృక్షాలు మొలుస్తున్నాయి, తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడుతూ. మనుషులు వదిలిన ఇళ్లలో గడ్డి, మంచు వదిలిన నేలలో చెట్లు.

తిరుగు ప్రయాణం రోజు చెక్‌పోస్టు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. పేరు, ఊరు, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ, ఎక్కడికి. నా వెనకే ఆమా కొడుకు నిలబడి ఉన్నాడు, మున్సియారిలో మందులు కొనాలట. సొంత ఊరికి వచ్చిపోయేటప్పుడు కూడా రాయాలా అంటే భుజాలెగరేశాడు. జవాను మర్యాదస్థుడు, మాకు టీ ఇచ్చాడు. ఈసారి తియ్యటి టీ. తాగుతూ వెనక పేజీలు తిప్పాను. ‘ఎక్కడికి’ అన్న గడిలో పై నుంచి కింది దాకా, పేజీ తర్వాత పేజీ, అందరి చేతిరాతలోనూ ఒకటే మాట. మున్సియారి, మున్సియారి, మున్సియారి.